ఎర్రగుడ్డ కట్టిన కర్ర

ఉప్పాడలో సముద్రంలోకి వెళ్ళడమంటే ముందు కెరటాలను దాటడం. నలుగురు భుజం పెట్టి నావను తోసి, ఒక కెరటం విరిగి రెండోది లేచేలోపు దొరికిన సందులోంచి దూరిపోవాలి. గంగరాజు పన్నెండో ఏటినుంచీ ఆ సందు చూసుకుంటూ బతికినవాడు. అలాంటి మనిషి బహ్రెయిన్ వచ్చి, నెత్తిన గంప పెట్టుకుని, లుంగీ ఎగగట్టి, సంతకు పోతున్నవాడిలా సముద్రంలోకి నడిచి వెళ్ళడం నేర్చుకోవలసి వచ్చింది. మొదట్లో అది అతనికి చాలా నామోషీగా ఉండేది. ఇంటికి పంపే క్యాసెట్లలో అన్ని కబుర్లూ చెప్పేవాడు కానీ ఈ నడక సంగతి మాత్రం ఏడాదిదాకా చెప్పలేదు.

అతను వచ్చింది పడవ మీద పనికి. వచ్చిన కొన్నాళ్ళకే ఆ యజమాని పడవ అమ్మేసుకున్నాడు. ఇక విమానం ఎక్కించేస్తారనుకుంటున్న సమయంలో, కర్జకాన్ ఊళ్ళో ఉండే హాజీ మన్సూర్ అనే ముసలాయన "సముద్రం తెలిసినవాడట, నా దగ్గర ఉండనీ" అని వీసా తన పేరు మీదకు మార్పించుకున్నాడు. హాజీకి ఒక ఖర్జూరపు తోట, సముద్రంలో ఒక హద్రా ఉన్నాయి. హద్రా అంటే చేపలకు కట్టిన దడి. ఖర్జూరపు మట్టల ఈనెలను ఇసుకలో వరసగా పాతి, ఒడ్డునుంచి అర మైలు దూరందాకా గోడలా తీసుకుపోయి, చివర గుండ్రంగా ఒక గదిలా చుడతారు. పోటు మీద నీళ్ళతోపాటు వచ్చిన చేప దడి వెంబడే పోయి ఆ గదిలో పడుతుంది. మళ్ళీ బయటికి దారి దానికి తెలియదు. నీళ్ళు తీసినప్పుడు మనుషులు నడిచి వెళ్ళి, గదిలో మిగిలిన మోకాలిలోతు నీళ్ళలోంచి చేపలు గంపకెత్తుకుని, పోటు తిరిగేలోపు ఒడ్డుకు వచ్చేయాలి. పని అంతే. చూడడానికి పిల్లలాటలా ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళకూడదో చెప్పేది హాజీ. డెబ్బై దాటిన మనిషి. ఒక కన్ను పొర కమ్మింది, రెండోది సగం. అయినా ప్రతిసారీ తనూ వెంట వచ్చేవాడు. ఆయనకో అలవాటుండేది. నీటి అంచుకు రాగానే చేతిలోని పొడవాటి కర్రను ఇసుకలో నిటారుగా పాతేవాడు. కర్ర కొసకు మాసిన ఎర్రగుడ్డ ఒకటి కట్టి ఉండేది. ఆ కర్ర ముందు చాప పరుచుకుని నమాజు చేసేవాడు. చదవడం అయ్యాక లేచి, కర్రవైపు ఒకసారి, నీళ్ళవైపు ఒకసారి చూసి, "యల్లా" అనేవాడు, ఇక పదండి అని. కొన్ని రోజులు ఆ మాట అనేవాడు కాదు. చాప చుట్టి చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

గంగరాజు అసలే అడగలేదు. మసీదులో తప్ప బయట నమాజు చేసేవాళ్ళు ఎదురుగా ఏదో ఒకటి నిలబెట్టుకోవడం అతను రోడ్ల పక్కన, తోటల్లో చూశాడు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. వాళ్ళ దేవుడి వ్యవహారంలో మనం వేలు పెట్టకూడదని, కర్ర దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పులు కూడా విప్పేసేవాడు. హద్రాకు నడిచేటప్పుడు హాజీ పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూసేవాడు. అది మాత్రం అతనికి నవ్వొచ్చేది. ముసలాయనకి ఈ వయసులోనూ ఇంటి మీదే ధ్యాస అనుకునేవాడు.

మూడేళ్ళు ఇలాగే గడిచాయి.

దీపావళికి ముందు కాకినాడవైపు తుఫాను వచ్చింది. గంగరాజు భార్య వీరవేణికి ఒక్కడే అన్న, లోవరాజు. గంగరాజు చిన్నప్పటినుంచీ అతని నావ మీదే పనిచేశాడు. ఆ పొద్దున గాలి మెత్తగా ఉందని, మధ్యాహ్నానికి వచ్చేస్తానని లోవరాజు సముద్రం మీదకు వెళ్ళాడు. నావ దొరకలేదు, మనిషీ దొరకలేదు. నెల తరవాత వీరవేణి పంపిన క్యాసెట్‌లో ఏడుపే ఎక్కువ, మాటలు తక్కువ. చివర్న గొంతు కూడదీసుకుని ఒక్క మాట అంది. "మా అన్నతో సరి. నువ్వక్కడ నీళ్ళలో దిగమాక. ఇంకేదన్నా పని సూసుకో."

గంగరాజు ఆ మాట మూడుసార్లు విన్నాడు. తరవాత అదే క్యాసెట్ వెనకవైపు తన గొంతు నింపి పంపాడు. "ఒసే పిచ్చిదానా, ఇక్కడి సముద్రం సముద్రమే కాదే. సెరువు. మోకాళ్ళు కూడా తడవవు. గంపెట్టుకుని నడిసెళ్ళి రావడవే" అని నవ్వాడు. నామోషీగా ఉండే ఆ నడకే ఆ వేళ ధైర్యం చెప్పడానికి పనికొచ్చింది.

తొంభై ఏడు జనవరి. రంజాన్ నెల సగానికి వచ్చింది, పున్నమి దగ్గరపడింది. ఆ రోజుల్లో నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి. కానీ నాలుగు రోజులుగా ముసురు, చలి. గల్ఫంటే ఎండే అనుకునే మనవాళ్ళకు ఆ చలి చెబితే నమ్మరు. రెండు స్వెట్టర్ల మీద దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకలాడతాయి. హద్రాకు వెళ్ళడమే పడలేదు. పైగా ఆ ముసురు మధ్యలోనే హాజీని కంటి ఆపరేషన్‌కు మనామాలో ఆసుపత్రిలో చేర్చారు.

అయిదో రోజు పొద్దున లేచేసరికి ముసురు లేదు. గాలి మారింది. తూర్పు దక్షిణాల మూలనుంచి, నేల మీదుగా, గోరువెచ్చగా వీస్తోంది. చలి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. గంగరాజూ పోశన్నా గది తలుపు దగ్గరగా వేసుకుని టీ తాగుతున్నారు. ఉపవాసాల నెలలో బయట కూర్చుని తాగడం బాగుండదు.

పోశన్నది జగిత్యాలవైపు ఒక పల్లె. రెండేళ్ళు సిత్రాలో ఒక కంట్రాక్టర్ క్యాంపులో ఇనుప కడ్డీలు మోశాడు. ఆ క్యాంపు ఎత్తేశాక హాజీ తోటలో పనికి కుదిరి నాలుగు నెలలైంది. ఈత రాదు. మొదటిసారి హద్రాకు తీసుకెళ్ళినప్పుడు గంగరాజు చొక్కా అంచు పట్టుకుని నడిచాడు. ఇప్పుడు అందరికంటే ముందు నడుస్తాడు.

"అన్నా, ఇయ్యాల పోదాం" అన్నాడు పోశన్న. "నాలుగు దినాల సంది చాపలన్నీ ఆ గదిల కుప్ప వడి ఉంటయి. ఇంకొక్క దినం అయితే సచ్చి వాసనొస్తయి. మళ్ళ ఆ దిక్కుకు చాప రాదని పెద్దాయనే అన్నడు గద."

"ఆయన లేడు కదరా."

"ఆయన లేకుంటే సముద్రం బంద్ వెట్టిన్రా?"

గంగరాజు టీగ్లాసు కింద పెట్టాడు. పోశన్న తొందర అతనికి తెలుసు. వారం కిందట హాజీ కొడుకు జాసిం తోటకు వచ్చి, చెట్ల మధ్య తిరుగుతూ, "నాన్న ఇక సముద్రం మీదకు వెళ్ళలేడు. హద్రా నడిస్తే ఇద్దరూ ఉండండి. లేకపోతే తోటకు ఒక్కడు చాలు" అన్నాడు. ఆ ఒక్కడు ఎవరో అతను చెప్పలేదు. చెప్పకపోయినా, మూడేళ్ళ మనిషి ఉండగా నాలుగు నెలలవాణ్ణి ఉంచుకోరని పోశన్నకు అర్థమైంది. ఆ రాత్రి అతను అన్నం సరిగా తినలేదు.

అంతలో హాజీ భార్య తలుపు తట్టింది. పనివాళ్ళందరూ ఆవిడను మామా, అంటే అమ్మా, అనే పిలుస్తారు. నల్లటి గుడ్డలో మొహం తప్ప ఏమీ కనపడదు. ఏటా రంజాన్ నెల నడిమి రోజున ఆ ఇంటినుంచి పదిహేను ఇళ్ళకు చేపలు వెళ్ళడం ఆనవాయితీ. వచ్చీరాని హిందీలో అడిగింది. "గంగా, ఈసారి చేప ఉందా, లేదా? లేదంటే చెప్పు. ఇళ్ళకు కబురు పంపుతాను."

"చూసి చెప్తాను మామా."

ఆవిడ వెళ్ళాక గంగరాజు కిరాణా కొట్టుకు వెళ్ళి జాసింకు ఫోన్ చేశాడు. జాసిం బ్యాంకులో పనిచేసేవాడు, ఏనాడూ హద్రా మొహం చూసినవాడు కాదు. "నాకేం తెలుస్తుంది గంగా, నాన్న ఆపరేషన్ మత్తులో ఉన్నాడు" అన్నాడు. "ఈరోజుకి నువ్వే హాజీవి" అని నవ్వి పెట్టేశాడు.

అతను తేలిగ్గానే అన్నాడు. ఆ మాట గంగరాజు వీపు మీద మూటలా కూర్చుంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళాలా వద్దా అని అతను తేల్చుకోవలసిన పని పడలేదు. ఆ మాటకొస్తే ఉప్పాడలోనూ పడలేదు. అక్కడ తేల్చేవాడు లోవరాజు.

ఇద్దరూ గంపలు, చేపలెత్తే చేతి వల, తాడు తీసుకుని ఒడ్డుకు వచ్చారు. హాజీ కర్ర అక్కడి పాత పడవ కొట్టంలో మూలన ఆనించి ఉంది. గంగరాజు వెళ్ళబోతూ ఆగి, దాన్నీ తీసుకున్నాడు.

ఒడ్డున నిలబడి చూస్తే అతనికి ఆశ్చర్యం వేసింది. నీళ్ళు ఇంతగా వెనక్కి పోవడం అతనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ మునిగి ఉండే రాళ్ళు నాచుతో సహా పైకి తేలాయి. దడి పొడవునా ఈనెల మొదళ్ళు కనపడుతున్నాయి. దూరంగా చివరి గది దగ్గర గాజుపెంకులు మెరిసినట్టు ఏదో మెరుస్తోంది. చేపలు ఎగురుతున్నాయి.

"సూడు, సూడు" అన్నాడు పోశన్న. "పిలుస్తున్నయ్ అన్నా అవి. చెప్పులు సుత తడవయి."

గంగరాజు గాలికి వీపు ఇచ్చి నిలబడ్డాడు. ఉప్పాడలో నేర్చిన చదువంతా వెళ్ళమనే చెబుతోంది. నేలమీది గాలి వీపున తగులుతుంటే సముద్రం అణిగి ఉంటుంది, లోవరాజు చెప్పినదే. కెరటాల చప్పుడు లేదు. కానీ ఇక్కడ చప్పుడు ఎప్పుడూ ఉండదు కదా అని తోచింది. అక్కడ కోపమొస్తే సముద్రం పది మైళ్ళ దూరంనుంచే అరుస్తుంది. ఇది అరవదు. అరవని దాని మనసు ఎలా తెలుసుకోవడం? ఆకాశం వాయవ్యంవైపు, సౌదీ దిక్కున, అడుగున పలచగా పసుపు పూసినట్టుంది. అది దుమ్మో, ఎండో అతనికి తేలలేదు.

ఇలాంటి పూట హాజీ ఏం చేసేవాడు? క్రితం ఏడు ఇంత వెచ్చటి రోజే ఒకటి గుర్తొచ్చింది. ఆరోజు ఆయన యల్లా అనలేదు, చాప చుట్టుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఏమైందో గుర్తు చేసుకోబోయాడు. ఆ మధ్యాహ్నం తను దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఎండ కాసే రోజున దుప్పటి ఎందుకు కప్పుకున్నట్టు?

"ఏమాలోచన?" అన్నాడు పోశన్న. "సముద్రంల పుట్టిన, సముద్రంల పెరిగిన అంటవు. నాకన్న నువ్వే భయపడ్తవేంది?"

"నోర్ముయ్యరా కాసేపు."

"నేను మూస్త. జాసిం మూస్తడా? హద్రా నడుస్తలేదని ఒక్క మాట నువ్వంటే చాలు, నా సామాన్ నేను కట్టుకోవాలె. నీకేమైతది? నువ్వుంటవు." అతని గొంతులో ఎగతాళి పోయింది. "ఇంటిదగ్గర నా పెండ్లాం గౌరవ్వకు మళ్ళ ఏం చెప్పాలె అన్నా? గల్ఫుల రెండుసార్లు పని పోయిందంటే నన్ను మనిషి లెక్క చూస్తదా?"

వద్దంటే వీడి బతుకు తను తీసేసినట్టు. పదమంటే, ఈత రాని మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయినట్టు. రెండింటి మధ్యా గంగరాజు నిలబడ్డాడు. నీళ్ళు ఇంకా వెనక్కి పోతూనే ఉన్నాయి. పూర్తిగా తీయడానికి ఇంకో గంట, తిరిగి రావడానికి ఆపైన రెండు గంటలు. లెక్క సరిపోతుంది. మోకాళ్ళు కూడా తడవవు అని వీరవేణికి చెప్పినది ఈవేళ అక్షరాలా నిజం.

"సరే, ఎల్దాం" అన్నాడు.

నీటి అంచుకు వచ్చాక చెప్పులు విప్పాడు. హాజీ లేని లోటు ఏదో ఒకటి తీర్చాలనిపించి, ఆయనలాగే కర్రను ఇసుకలో నిటారుగా పాతాడు. ఎర్రగుడ్డ ముడి సరిచేసి, దాని ముందు నిలబడి కళ్ళు మూసుకుని నూకాలమ్మను తలచుకున్నాడు.

"అది వాళ్ళ నమాజు కట్టె గద అన్నా" అని పోశన్న నవ్వాడు. "మీ అమ్మోరు కోపం జెయ్యదా?"

"ఎవరి కర్రైతే ఏంట్రా. నడు."

నడిచారు. ఇసుక గట్టిగా, అరికాళ్ళ కింద అలల గీతలతో గరుగ్గా ఉంది. దారిలో పావువంతు దాటాక ఒడ్డుకు సమాంతరంగా ఒక పల్లం ఉంది, కాలవలాగ. మామూలు రోజుల్లో మోకాళ్ళ పైదాకా ఉండే నీళ్ళు ఈవేళ పిక్కలు దాటలేదు. పోశన్న అందులో గంతులేస్తూ దాటాడు. ఆవలి మెరక మీద పీతలు పరిగెడుతున్నాయి. దూరంనుంచి మెరుపుల్లా కనపడినవి ఇప్పుడు చేపల్లా కనపడసాగాయి. సాఫీ చేపలు, అరచేతంతవి, గదినిండా.

సగం దూరం దాటారు. పోశన్న యాభై అడుగులు ముందున్నాడు. అప్పుడు గంగరాజుకు వీపు మీద ఏదో తేడా తెలిసింది. ఒక్క క్షణం అదేమిటో అర్థం కాలేదు. గాలి లేదు. తగ్గడం కాదు, తలుపు మూసినట్టు ఆగిపోయింది. అంత మైదానంలోనూ చేపలు నీళ్ళు కొట్టే టపటప తప్ప చప్పుడు లేదు.

వెనక్కి తిరిగి చూశాడు. హాజీలాగే చూశాడు.

ఒడ్డున ఎర్రగుడ్డ కనపడుతోంది. దాని కిందే ఇంకో ఎర్రగుడ్డ, తలకిందులుగా.

గాలి ఆగిన ఆ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ అద్దం కర్ర మొదట్లోకి వచ్చి నిలబడింది. తను పాతినప్పుడు నీళ్ళు కర్రనుంచి అవతలికి పోతున్నాయి. ఇంకో గంట పోవాలి. గంటకు ముందే అవి తిరిగి కర్ర దగ్గరికి వచ్చేశాయి. అంటే ఇంతసేపూ నీళ్ళను తీసుకుపోయింది ఆటు ఒక్కటే కాదు, గాలి కూడా. గాలి వదిలేసింది. వదిలేసిన నీళ్ళన్నీ ఆ పల్లం గుండా, ఇద్దరి వెనకనుంచి, ఇద్దరికంటే ముందుగా ఒడ్డుకు చేరుతున్నాయి.

హాజీ ఎందుకు పాతేవాడో, పది అడుగులకోసారి ఎందుకు తిరిగి చూసేవాడో అప్పుడు తెలిసింది. తను మూడేళ్ళు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు తప్ప ఒక్కసారి అడగలేదు.

"పోశన్నా, ఆగు. ఎనక్కొచ్చెయ్."

పోశన్న తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తి ఊపాడు. "ఇంకెంత దూరమే? ఐదొందల అడుగులు లేదు."

"నీళ్ళు తిరిగినయ్యి. రా."

"ఏడున్నయ్ నీళ్ళు? నా మడిమెలు తడుస్తలేవు."

నిజమే. మెరక మీద నీళ్ళు లేవు. నీళ్ళు చేరేది ముందుగా వెనకున్న కాలవలోకి. ఆ సంగతి దూరంనుంచి అరిచి చెబితే అర్థమయ్యేది కాదు. గంగరాజు గంప కిందపడేశాడు. ఒక్కక్షణం ఒడ్డువైపు చూశాడు. తను ఇప్పుడే తిరిగితే, ఈత వచ్చినవాడు కనుక, ఎలాగైనా బయటపడతాడు. పోశన్న దగ్గరికి వెళ్ళి తెచ్చుకుంటే ఇద్దరికీ ఆలస్యమే. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. ముందుకు పరిగెత్తాడు.

జబ్బ పట్టుకుని లాగితే పోశన్న విదిలించుకున్నాడు. "నన్ను వెళ్ళగొట్టాల్నని చూస్తున్నవు నువ్వు. చాపలు లేకుంట పోతే ఒక్కడే మిగుల్తడు. నాకు తెల్వదనుకుంటున్నవా?"

"నువ్వే ఉండరా. జాసింకి నేను సెప్తాను, నువ్వే ఉండు. నేనే ఎల్లిపోతాను. ముందు బతికుండు." గంగరాజు మళ్ళీ జబ్బ పట్టుకున్నాడు. "మా బావ కూడా ఇలాగే ఇంకాస్తే అనుకునుంటాడ్రా."

లోవరాజు సంగతి పోశన్నకు తెలుసు. ఆ క్యాసెట్ వచ్చిన నాడు గంగరాజు పక్కన కూర్చున్నది అతనే. ఏమనుకున్నాడో, గది వైపు ఒక్కసారి చూసి గంప వదిలేశాడు.

అప్పుడే వాయవ్యంలో ఆ పసుపు గోడలా లేచింది. ముందు చలి వచ్చింది, తెరిచిన ఐసుపెట్టెలోంచి వచ్చినట్టు. దాని వెనక ఇసుక, దాని వెనక గాలి. మొహం మీద సూదులు గుచ్చినట్టైంది. ఒడ్డు కనపడడం మానేసింది. చేతివల ఎగిరిపోయింది. ఇద్దరూ దడిని పట్టుకుని, ఈనె తరవాత ఈనె తడుముకుంటూ నడిచారు. దడి ఒడ్డుకే పోతుంది కనుక దారి తప్పే భయం లేదు. భయమంతా ఆ కాలవ గురించే.

కాలవ దగ్గరికి వచ్చేసరికి పిక్కలలోతు నీళ్ళు పొట్టదాకా వచ్చాయి. నల్లగా, పొట్టి అలలతో, దడికి అడ్డంగా తోసుకుపోతున్నాయి. పోశన్న ఆగిపోయాడు.

"నాతోని కాదన్నా. నువ్వు పో."

గంగరాజు తాడు విప్పి ఒక కొస అతని నడుముకు, రెండో కొస తన నడుముకు కట్టాడు. వేళ్ళు కొంకర్లు పోయి ముడి పడలేదు; పళ్ళతో బిగించాడు. "నీళ్ళకేసి సూడకు. నా ఈపుకేసి సూడు. రెండు సేతులూ దడి మీద. ఒకటి తీశాక రెండోది. రెండూ ఒక్కసారి తియ్యకు" అన్నాడు.

దిగారు. నీళ్ళు గంగరాజు గుండెలదాకా, పొట్టివాడైన పోశన్న భుజాలదాకా వచ్చాయి. మధ్యలో దడి రెండు బారల మేర అప్పటికే విరిగి కొట్టుకుపోయింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. గంగరాజు కెరటం కోసం చూశాడు. ఒకటి పోయి రెండోది వచ్చేలోపు ఉండే సందు. ఇన్నేళ్ళ తరవాత ఈ చెరువులో దాని అవసరం పడింది. ఒక అల పోయింది, "ఇప్పుడు" అని తాడు లాగి దూకాడు. పోశన్న తల ఒకసారి మునిగింది. తాడు బిగిసింది. గంగరాజు చేతికి అవతలి ఈనె తగిలింది, అరచెయ్యి చీలింది, వదల్లేదు. వెనకనుంచి దగ్గు వినపడింది. దగ్గు వినపడితే మనిషి ఉన్నట్టే.

ఒడ్డు ఇసుక మీద ఇద్దరూ చాలాసేపు బోర్లా పడి ఉన్నారు. కర్ర పాతిన చోట నడుములోతు నీళ్ళు. ఎర్రగుడ్డ ఎక్కడా లేదు.

పడవ కొట్టంలోకి పాక్కుంటూ వచ్చాక పోశన్న పళ్ళు కొట్టుకుంటూ అన్నాడు. "నీ అమ్మోరికి ఒక కోడి బాకీ ఉన్న అన్నా."

"నాకో గంప బాకీ ఉన్నావు ముందు" అన్నాడు గంగరాజు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మామా తలుపు తీసి వాళ్ళ వాలకం చూసి లోపలికి పరిగెత్తింది. పొడి దుప్పట్లు తెచ్చింది. ఉపవాసం విడవకముందే తన చేత్తో గంజిలాంటి వేడివేడి హరీస్ రెండు గిన్నెల్లో పోసి ఇచ్చి, పదిహేను ఇళ్ళకూ ఈ ఏడు చేప లేదని కబురు పంపింది.

షమాల్ అనే ఆ వాయవ్యపు గాలి మూడు రోజులు వీచింది. హద్రా సగం మిగల్లేదు. ఆరో రోజున హాజీ కంటికి కట్టుతో ఇంటికి వచ్చాడు. పక్కన జాసిం ఉన్నాడు. జరిగినదంతా అప్పటికే ఎవరో చెప్పారు. ముసలాయన గంగరాజు అరచేతి మీది కట్టు తడిమి చూసి అడిగాడు.

"కర్ర పాతావా?"

"పాతాను హాజీ. మీ నమాజు కోసమనుకున్నాను. ఎందుకో తెలియదు."

హాజీ ఆ అరచెయ్యి వదల్లేదు. "మూడేళ్ళు నా పక్కన నిలబడ్డావు" అన్నాడు. "ఎందుకు అడగలేదు?"

"మీ దేవుడి సంగతి కదా అని."

"దేవుడికి కర్ర ఎందుకు? ఆయనకు నీళ్ళు ఎక్కడున్నాయో తెలుసు. తెలియనిది నాకు." ఆయన గొంతులో కోపం లేదు. "నేను చెప్పలేదు. తెలిసినవాడివి కదా, చూసి తెలుసుకున్నావనుకున్నాను. తప్పు నాదీ ఉంది."

జాసిం ఏదో అనబోయాడు. హాజీ చెయ్యెత్తి ఆపాడు. "దడి మళ్ళీ కట్టాలి. ఒక్కడివల్ల కాదు. ఇద్దరూ ఉంటారు. ఖలాస్, అంతే."

వారం తరవాత, నీళ్ళు బాగా తీసిన రోజున, కొత్త ఈనెలు మోసుకుని ముగ్గురూ నీటి అంచుకు వచ్చారు. గంగరాజు ఖర్జూరపు మట్ట చెక్కి కొత్త కర్ర చేశాడు. పోశన్న తన ఎర్ర తువ్వాలు చించి దానికి కట్టాడు. కర్ర పాతాక హాజీ అన్నాడు. "నేను రాను ఇక. నేను నమాజు చదివేంత సమయం ఆగి చూడాలి, నీళ్ళు ఎన్ని అడుగులు జరిగాయో, ఎటు జరిగాయో. నీకు నా చదువు రాదు. నీది ఏదైనా చదువుకో. తొందరపడకుండా చదివేది."

గంగరాజుకు పద్యాలూ మంత్రాలూ రావు. కాసేపు ఆలోచించి, కళ్ళు తెరిచే, కర్రనే చూస్తూ, ఉప్పాడ ఒడ్డున ఉత్తరంనుంచి దక్షిణానికి వరసగా కట్టి ఉండే నావల పేర్లు, వాటి మీద పనిచేసే మనుషుల పేర్లు నెమ్మదిగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. లేనివాళ్ళనూ వదల్లేదు. లోవరాజు పేరు వచ్చేసరికి హాజీ నమాజు చేసేంతసేపు పట్టింది.

నీళ్ళు కర్రనుంచి పన్నెండు అడుగులు అవతలికి జరిగాయి.

"యల్లా" అన్నాడు గంగరాజు. పోశన్న ముందు నడిచాడు. పది అడుగులు వేసి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి చూశాడు.

ఆ రాత్రి గంగరాజు వీరవేణికి కొత్త క్యాసెట్ మాట్లాడాడు. "సెరువని సెప్పాను, కాదే, సముద్రమే" అన్నాడు. ఆ తరవాత ఏం చెప్పాలో తోచక, టేపు ఆపే బొత్తాం నొక్కకుండా చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. బయట గాలి చప్పుడు కూడా అందులో పడింది.